తమ్ముని యింటికి మా సంతకము

మేము బడికి పోయి చదివినది స్వల్పము. మా తండ్రిగారు వసారాలో కూర్చుండఁబెట్టి అమరమును, భారతమును, గౌరన హరిశ్చంద్ర ద్విపదను తామే చెప్పిరి. మా తమ్ముఁడు ప్రక్కనే కూర్చుండి వినుచుండెడివాఁడు. రాజు అప్పు తీర్చుటకై ఆలిని అమ్ము ఘట్టము వచ్చినపుడెల్ల, “ఆ ఋషి మఱి నాలుగు దినములు గడువీయరాదా?” యని వాఁడడుగును. మా తండ్రిగారు నవ్వి యూరకుండెడివారు. ఆ పిల్లవాఁడే పెద్దవాఁడై అమెరికా సైన్యమున పనిచేసి, విడుదల పొంది, ఇల్లు కొనుటకు ఋణమడుగఁబోయి, “నీ పూర్వపు అప్పుల నడత బాగులేదు” అను మాట వినవలసివచ్చెను. ఆ వ్యవహారమున మా సంతకము కొఱకు ఒక కాగితము వచ్చినది. దానిని గూర్చి వ్రాయుదుమా, వలదా యని ఏఁడాది తటపటాయించితిమి. మన యిండ్లలో అమెరికాలోని తమ్ములును, అల్లుండ్రును, కుమారులును పెక్కుమంది యున్నారు. ఇట్టి కాగితము మఱియొక సోదరి చేతికిని రావచ్చునని తోఁచి వ్రాయుచున్నాము.

మా తమ్ముఁడు 2011లో పైచదువునకై టెక్సాసు రాష్ట్రమునకు పోయెను. విజయనగరము జిల్లాలోని మా పుట్టినిల్లు బ్యాంకులో కుదువబడినది అప్పుడే. చదువు ముగిసినను పని కుదురలేదు. ఆ కాలమున, అనఁగా 2009 మొదలు 2016 వఱకు, అమెరికా రక్షణశాఖవారు తమకు కావలసిన విదేశభాషలు వచ్చిన పరదేశీయులను, స్థిరనివాసపు హక్కు లేకున్నను, సైన్యమున చేర్చుకొనుచుండిరి. ఆ పథకమును ‘మావ్ని’ యందురు. ఆ త్రోవను మన దేశపు విద్యార్థులు పలువురు చేరి, ఆ దేశపు పౌరులైరి. 2014లో మావాఁడును చేరెను. మా అమ్మ మూఁడుదినములు అన్నము ముట్టలేదు. సైన్యములో వానికి తుపాకికంటె సామగ్రి లెక్కలతోనే పని యెక్కువయని తెలిసిన పిదప కొంత తేఱుకొనెను. 2019లో గౌరవముతో విడుదల పొంది, పెండ్లియాడి, సాన్ ఆంటోనియో నగరమున అద్దెయింట కాఁపురము పెట్టెను. మా తండ్రిగారు ఆ పెండ్లి చూడలేదు. రెండేండ్లు ముందుగానే పోయిరి.

ఇఁక అప్పుల సంగతి. చదువుకొను దినములలో తీసికొన్న క్రెడిట్ కార్డులు రెండు. అవి యెన్నఁడును తీఱలేదు. తోడి సైనికుఁడొకఁడు కారు కొనఁగా వానికి జామీనుగా సంతకము చేసెను. ఆతఁడు నాలుగు వాయిదాలు ఎగవేసెను. ఎగవేత మావాని పేరనే నమోదయ్యెను. మా తండ్రిగారును తపాలా కచేరిలో పనిచేయు దినములలో ఒక మిత్రునికి జామీనుండి, మూఁడేండ్లు ఆ సొమ్ము తామే కట్టిరి. ఈ గుణము మా వంశమున వచ్చుచున్నది కాఁబోలు. 2020లో ఉద్యోగము పోయెను. ఆ సంవత్సరముననే కడుపునొప్పితో ఒక రాత్రి ఆస్పత్రిలో నుండఁగా 1,900 డాలర్ల చీటి వచ్చెను. అది చెల్లింపక వసూలుదారుల చేతికి పోయెను.

ఆ దేశమున మనుష్యుని నమ్మకమునకు ఒక అంకె కలదు. మన దేశమునను ఇప్పుడు సిబిల్ స్కోరను పేర ఉన్నదికదా, అట్టిదే. అక్కడ అది 300 మొదలు 850 వఱకు నుండును. గడువునకు చెల్లించితివా యను దానికి అందులో నూటికి 35 పాళ్లు. ఇయ్యఁదగిన పరిమితిలో ఎంత వాడుకొంటివను మొదలైన అప్పుమొత్తపు లెక్కకు 30 పాళ్లు. మావాని యంకె 2023 వేసవిలో 571. కార్డుల పరిమితి రెంటికిని కలిసి 7,000 డాలర్లు కాఁగా, వాఁడు 6,600 వాడుకొనియుండెను.

మాకు మిక్కిలి కష్టము తోఁచిన సంగతి యొకటి యున్నది. సైన్యమున చేరుటకు ముందు చేసిన అప్పులపై, కొలువులోనున్నంతకాలము నూటికి ఆఱుకంటె ఎక్కువ వడ్డీ తీయఁగూడదని అక్కడ 2003 నాఁటి చట్టమొకటి చెప్పుచున్నది. అయితే సైనికుఁడే వ్రాతమూలముగా అడుగవలెను. విడుదలయైన 180 దినములలోపల నైనను అడుగవలెను. మావాఁడు అడుగలేదు. అట్టి చట్టమున్నదని వానికి తెలిసినది 2023లో. అయిదేండ్లు ఇరువదికి పైఁబడిన వడ్డీ కట్టెను. సామగ్రి లెక్కలు చూచినవాఁడు తన లెక్క చూచుకొనలేదు.

సైనికులకు ఇంటిఋణ మిచ్చు ఏర్పాటు మాత్రము ఘనమైనదే. రెండవ ప్రపంచయుద్ధము ముగియక మునుపే, 1944 జూన్ 22వ తేదీని, అధ్యక్షుఁడు రూజ్‌వెల్టు ఆ చట్టముపై సంతకము చేసెను. ప్రభుత్వము తాను అప్పీయదు. బ్యాంకునకు పూచీ యుండును. మొదట ఋణములో సగమునకు, రెండువేల డాలర్లు మించకుండ, ఉండినది. ఇప్పుడు సాధారణముగా నాలుగవవంతునకు. ఆ పూచీ యుండుటచేత ముందుగా కట్టవలసిన సొమ్ము లేకయే యిల్లు కొనవచ్చును. కొలువు చేసినట్లు విడుదలపత్రము చూపినచో అర్హతాపత్రము వచ్చును. మావానికి అది సులభముగనే వచ్చినది. వాఁడు దానినే ఋణమనుకొని, మఱదలిని వెంటఁబెట్టుకొని ఇండ్లు చూడసాఁగెను. వెనుకవైపు మామిడిచెట్టు లేదు గాని నిమ్మచెట్టు కలదని మఱదలు మాకు ఛాయాచిత్రము పంపెను. ఆ యింటి ముంగిట ఏ ముగ్గు వేయవలెనో కూడ అడిగెను.

బ్యాంకువారు 620కి తగ్గినచో కుదరదనిరి.

“ప్రభుత్వము పూచీ యుండఁగా బ్యాంకునకేమి భయము?” అని మేమడిగితిమి. అప్పుడు తెలిసినది: ప్రభుత్వశాఖవారు ఏ యంకెయు విధింపలేదు. ఇంత యుండవలెనని విధించుకొనునది అప్పిచ్చు సంస్థయే. ఒక్కొక్క సంస్థకు ఒక్కొక్క యంకె. పూచీ రాజుది, తలుపు షావుకారుది. ఈ తలుపు పూర్వమెట్లు వాడఁబడినదో చదివినప్పుడు మాకు మనసు చివుక్కుమనెను. 1947లో మిసిసిపీ రాష్ట్రపు పట్టణములలో ఈ చట్టము క్రింద పూచీ పొందిన 3,229 ఋణములలో నల్లజాతి సైనికులకు దక్కినవి రెండే. యుద్ధము చేసినది అందఱును. మా తమ్మునికి జరిగినది అట్టి యన్యాయము కాదు; వాని యంకె వాని చేఁతలవలననే వచ్చినది. కాని అర్హతాపత్రము చేతనుండియు గడప దాటలేని వారి కథ క్రొత్తది కాదని తెలిసికొంటిమి.

కార్డుల అప్పు తగ్గించినచో యంకె త్వరగా పెరుగునని బ్యాంకు గుమాస్తా చెప్పెనఁట. 5,000 డాలర్లు కావలెను. నాఁటి మారకములో నాలుగులక్షల రూపాయలకు పైచిలుకు. మావాఁడు మమ్మడిగెను. మా యొద్ద మా అమ్మ పెట్టిన కాసులపేరున్నది. మా యింటివారు ఉన్నతపాఠశాలలో తెలుఁగు పండితులు. ఆ జీతములో నిలువ చేసినది వేఱేమియు లేదు. కాసులపేరు మా కూఁతుని పైచదువునకని అట్టిపెట్టితిమి. అప్పుడది యెనిమిదవ తరగతి. ఇంటర్మీడియెట్ ముగియునప్పటికి తమ్ముఁడు తిరిగి యిచ్చునుగదా యని లెక్కవేసికొని, సరే యంటిమి. మా యింటివారు, “ఇచ్చుట సరియే. దానమా, అప్పా?” యని యడిగిరి. తోడఁబుట్టినవానికి ఇచ్చుటలో ఆ భేదమేల యని మేము విసుగుకొంటిమి.

రెండుదినముల కొక కాగితము వచ్చెను. దానిని గిఫ్ట్ లెటరందురు. ఇచ్చువారి పేరు, పుచ్చుకొనువానితో బంధుత్వము, ఎంత సొమ్ము, ఎచ్చటినుండి వచ్చినది, ఇవి వ్రాసి, ‘ఇది అప్పు కాదు, దీనిని ఎన్నఁడును తిరిగి కోరను’ అని సంతకము చేయవలెను. లేకున్నచో ఆ సొమ్ము కొనువాని క్రొత్త అప్పుగా లెక్కకెక్కును.

ఆ రాత్రి ఆ వాక్యమును ఎన్నిమాఱులు చదివితిమో చెప్పలేము. కాగితము చిన్నది. అడిగినది ఎవఁడో కాఁడు, మేమెత్తుకొని పెంచినవాఁడు. కాని తిరిగి కోరుదుమని మా మనసునకు తెలియును. ఏ సంవత్సరమున కోరుదుమో కూడ లెక్కవేసియుంటిమి.

మఱునాఁటి సాయంకాలము, వారికి ప్రాతఃకాలము, తమ్ముఁడు ఫోనులో కనఁబడెను.

“అక్కా! అది వట్టి మామూలు కాగితము. అందఱును చేయుదురు. నీ సొమ్ము నీకు రెండేండ్లలో ఇయ్యనా?”

“ఇచ్చెదవు. అందుచేతనే అది అప్పు.”

“అప్పని వ్రాసినచో నాకు ఋణము రాదు.”

“దానమని వ్రాసినచో అది అబద్ధము.”

మఱదలు వెనుకనుండి, “వదినగారికి మామీఁద నమ్మకము లేదు, అంతే” యనెను. ఆ మాట మాకు తగిలెను. నమ్మకము లేకపోవుటకాదు; ఎక్కువగా నుండుటయే చిక్కు. వాఁడియ్యఁడని తలఁచినచో ఆ సంతకము కొంత నిజమై యుండెడిది!

నిజముగనే దానమిచ్చి వేయరాదా యని చదువరులడుగవచ్చును. మేమును అడిగికొంటిమి. కూఁతుని మొగము చూచితిమి. మాకంత ఔదార్యము లేదని తేలెను. ఈ మాట వ్రాయుటకు సిగ్గుగానే యున్నది. కర్ణుని కథ చదివినంతమాత్రమున కర్ణులము కాలేముగదా. మా యింటివారు తాము చేయుమనలేదు, వలదనలేదు. ఆయన యొద్దకు ఏఁటేఁట తల్లిదండ్రులు వచ్చి, పిల్లవాని పుట్టినతేదిని ఒక్క సంవత్సరము తగ్గించి వ్రాయుమని బ్రతిమాలుదురు, ఆయన వ్రాయరు. అందువలన మాకు కలిగిన విరోధములు కొన్ని యున్నవి. వారి విషయమున ఆయనను మెచ్చుకొని, మా తమ్ముని విషయమున చేతిని జాఱవిడుచుట మాకు సాధ్యపడలేదు. పైఁగా ఇంటిఋణపు కాగితములలో అబద్ధము వ్రాసినచో ఆ దేశమున అది నేరము. పట్టుబడినచో చిక్కులలో పడువాఁడు మేము కాము, వాఁడు.

చేయలేమంటిమి. ఫోను ఆగిపోయెను. నిమ్మచెట్టు ఇల్లు మఱియొకరు కొనిరి. రెండునెలలు వాఁడు మాతో మాటలాడలేదు. మా యింట నుండు మా అమ్మతో మాత్రము మాటలాడుచుండెను. మేము గదిలోనికి పోఁగానే అమ్మ ఫోను ఒడిలో పెట్టుకొనెడిది.

ఋణము లేనివాఁడును, పరదేశమున ఉండనివాఁడును సుఖి యని ధర్మరాజు యక్షునితో చెప్పినట్లు మా తండ్రిగారు తఱుచు చెప్పెడివారు. ఆ రెండు సుఖములును మా తమ్మునికి దక్కలేదు. ఆ రెండునెలలు మేము వంట చేయుచు ఈ మాటయే తలఁచుకొనుచుంటిమి.

మూఁడవనెల మఱదలే ఫోను చేసెను. ఇండ్లు కొనువారికి ఉచితముగనో, స్వల్పరుసుమునకో సలహా చెప్పు కేంద్రములు అక్కడ ప్రభుత్వపు ఆమోదముతో నడచుచున్నవి. అట్టిచోటికి ఇద్దఱును పోయిరఁట. అక్కడి యామె మొదట చేయించిన పని, మూఁడు ఋణచరిత్ర సంస్థలనుండి పత్రములు తెప్పించుట. ఈక్విఫాక్సు, ఎక్స్‌పీరియను, ట్రాన్సుయూనియను అని ఆ మూఁడును మూఁడు పత్రములు వ్రాయును. అవి వెల లేకయే దొరకును. మావాఁడు అన్నాళ్లును ఒకదానినైన తెఱచి చూడలేదు. చూడఁగా, ఆస్పత్రి బాకీ ఒక్కటే రెండు పేర్లతో రెండుమాఱులు వ్రాయఁబడియుండెను. పొఱపాటని వ్రాసి పంపఁగా, చట్టప్రకారము 30 దినములలో విచారించి ఒకటి కొట్టివేసిరి. రెండవదానిని ఆస్పత్రివారితో మాటలాడి వాయిదాలమీఁద తీర్చెను. తీఱిన వైద్యఋణములను 2022 జులై మొదలు ఆ సంస్థలు పత్రమునుండి తొలగించుచున్నవి. కారు వాయిదాల మచ్చ మాత్రము పోదు. అది నిజముగనే జరిగినది కనుక ఏడేండ్లుండును.

కార్డుల అప్పు తగ్గించుట కష్టమాయెను. మఱదలు పసిపిల్లల సంరక్షణాలయమున సాయంకాలపు పని కుదుర్చుకొనెను. రెండవ కారు అమ్మివేసిరి. అద్దె, కరెంటు, కార్డు, ఏదియు ఒక్కదినము దాటనీయక, చెల్లించిన చీటి నెలనెలకు అట్టలో గ్రుచ్చిరి. పదునైదునెలలకు 6,600 పోయి 1,900 నిలిచెను. అంకె 571 నుండి 612 కెక్కెను. ఇంత పాటునకు నలువదియొక్క పాయింటేనా యని మాకు తోఁచినది. మఱదలు మాత్రము ప్రతినెలయు పాఠశాల మార్కులవలె మాకు పంపుచుండెడిది.

620 కోరిన బ్యాంకునొద్దకు వారు మరల పోలేదు. 600 చాలునను సంస్థయొకటి అదే నగరమున దొరకెను. అక్కడ ఒక మనుష్యుఁడు అంకెను మాత్రమే చూడక, అట్టలోని పండ్రెండు నెలల చీటీలను ఒక్కొక్కటిగా చూచెను. ఆ శాఖవారి నిబంధనలలో చూడవలసినదని చెప్పఁబడినది ముఖ్యముగా ఇదియే: చెడిన నడత ఆగిన పిదప ఏఁడాదిపాటు సక్రమముగా చెల్లించెనా యని.

మఱియొక లెక్కయు చూతురు. దానిని విన్నప్పుడు మాకు ఆ నియమము వ్రాసినవారియందు గౌరవము కలిగెను. పన్నులు, ఇంటి వాయిదా, ఇంటి సంరక్షణము, ఇతరపు అప్పులు పోఁగా నెల చివర కుటుంబమునకు తిండికిని బట్టకును ఎంత మిగులును? ప్రాంతమునుబట్టి, మనుష్యుల సంఖ్యనుబట్టి ఇంత మిగులవలెనని పట్టిక యున్నది. 80,000 డాలర్లును, అంతకు మించినవియు నగు ఋణములకు, దక్షిణరాష్ట్రములలో ముగ్గురకు నెలకు 889, నలుగురకు 1,003. రాఁబడిలో అప్పులు నూటికి 41 పాళ్లు మించినచో, ఆ మిగులు మఱింత యెక్కువ యుండవలెను. మన యిండ్లలో డబ్బాలు దులిపి ఇల్లాలు వేయు నెలాఖరు లెక్క యిదియేకదా! పెద్ద పెద్ద కచేరీలలో ఆ లెక్కకు చోటున్నదని మేమెఱుఁగము. మావారికి అప్పటికి పాప పుట్టి ముగ్గురైరి. మఱదలి లెక్కలో మిగులు నిబంధనకంటె చాల హెచ్చుగనే యుండెను.

2024 నవంబరులో 240,000 డాలర్ల యిల్లు కొనిరి. ముందు సొమ్ము లేదు. మొదటిమాఱు ఈ పూచీ వాడుకొనువారు ప్రభుత్వమునకు నూటికి 2.15 చొప్పున రుసుమియ్యవలెను. అది 5,160 డాలర్లు, ఋణములోనే కలిపిరి. కొలువువలన అంగవైకల్యము కలిగి భృతి పొందువారికి ఆ రుసుము లేదు. కొనుటకు ముందు ఇంటిని పరీక్షింపఁగా వంటగది ప్రక్కగోడలో చెదలు కనఁబడెను. అమ్మువారే మందు కొట్టించిరి. వడ్డీ మంచి యంకె గలవారికంటె కొంచెము హెచ్చు. నిమ్మచెట్టు లేదు.

గృహప్రవేశమును ఫోనులో చూచితిమి. పాలు పొంగి పొయ్యిమీఁద మాఁడఁగా కప్పునకున్న పొగగంట మ్రోఁగెను; పురోహితుఁడు మంత్రమాపి పైకి చూచెను. మఱదలు పాపను చంకనెత్తుకొని కిటికీలన్నియు తెఱచెను. తమ్ముఁడు ఫోను పట్టుకొని గదిగదియు చూపుచు, కడపట ఒక అఱ తెఱచి, “అక్కా! ఇదే ఆ చీటీల అట్ట” యని చూపి మూసెను. గిఫ్ట్ లెటరు సంగతి వాఁడెత్తలేదు. మేమును ఎత్తలేదు.

మా అమ్మ ఆ దినమున మా ప్రక్కనే కూర్చుండి చూచెను. ఆమె యెఱిఁగినది ఒక్కటే: తమ్ముఁడడిగినపుడు అక్క సంతకము చేయలేదు. పదునైదునెలలు కోడలు రాత్రులు పనిచేసినది అందువలననే యని ఆమె యభిప్రాయము. అది పూర్తిగా తప్పనియు మేమనలేము. మొన్న సంక్రాంతికి కాసులపేరు తీసి తుడిచి మా కూఁతుని మెడలో పెట్టి చూచుచుండఁగా, అమ్మ గడపలో నిలిచి కొంతసేపు చూచి, “కందిపప్పు పొయ్యిమీఁద నున్నది” అని వంటింటిలోనికి పోయెను.